టీ కూడా తిండే: ఆపరేషన్‌కు ముందూ తర్వాతా మంచం పక్కన కూర్చునేవాళ్లకు

పత్తికొండ వైపు పల్లె నుంచి ఒక పెద్దాయన హెర్నియా ఆపరేషన్‌కు వచ్చాడు. పొద్దున ఎనిమిదిన్నరకు థియేటర్లోకి తీసుకుపోవాలి. ఏడింటికి నేను వెళ్లి, "రాత్రి నుంచి ఏమీ తినలేదు కదా పెద్దాయనా?" అని అడిగాను. "ఏం తినలేదు తల్లీ" అన్నాడు. మంచం కింద స్టీలు గ్లాసు కనబడింది. అడుగున కాస్త టీ, అందులో నానిపోయిన బిస్కెట్టు ముక్క. ఇదేందని అడిగితే, "అది టీ గదా సిస్టరమ్మా, తిండి యాడయితాది?" అన్నాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన లెక్కలో టీ తిండి కాదు. తప్పు ప్రశ్న అడిగింది నేను. ఆపరేషన్ మధ్యాహ్నం దాకా వాయిదా పడింది, తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన చుట్టాలందరూ నన్ను తిట్టుకున్నారు. అప్పటికి నా నౌకరీకి రెండో ఏడు. ఆ రోజు నుంచి ప్రశ్న మార్చుకున్నాను: "చివరగా నోట్లో ఏం పెట్టుకున్నావు? ఎన్ని గంటలకు?" ముప్పై ఏళ్లకు పైగా కర్నూలు నర్సింగ్ హోముల సర్జికల్ వార్డుల్లో అదే అడిగాను.

1957లో ఇక్కడ మెడికల్ కాలేజీ వచ్చింది. ఆదోని, ఆలూరు, నంద్యాల వాళ్లే కాదు, తుంగభద్ర దాటి అలంపూర్, గద్వాల వాళ్లకు కూడా పెద్ద వైద్యమంటే కర్నూలే. పేషెంటు వెంట భార్యో, కొడుకో, జేజో ఉంటారు. డాక్టరు చెప్పింది సగం అర్థమవుతుంది, మిగతా సగం అడగాలంటే భయం. రాత్రి డ్యూటీలో ఇరవై మంచాలకు ఒకే సిస్టరున్న రోజులు నేను చూశాను. అందుకే పక్కన కూర్చున్న మనిషికి పని తెలిసి ఉండాలి. ఇది ఆ మనిషి కోసం రాస్తున్నాను.

ముందు ఒక చిన్న నోటుబుక్కు కొనండి. పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమవైపు లోపలికి పోయినవి: తిండి, నీళ్లు, మాత్రలు. కుడివైపు బయటికి వచ్చినవి: మూత్రం, వాంతి, విరేచనం, గ్యాసు, కట్టుకు అంటిన రక్తం. ప్రతిదాని పక్కన టైము. కేస్ షీట్లో మేం రాసేదీ దాదాపు ఇదే. కాకపోతే మేం గంటకోసారి వస్తాం, మీరు ఇరవై నాలుగు గంటలూ అక్కడే ఉంటారు.

థియేటర్లోకి పోయే దాకా

కడుపు ఖాళీగా ఉండాలని ఎందుకంటారో తెలిస్తే ఎవరూ దొంగచాటుగా తినరు. మామూలుగా మనకు పొరబోతే దగ్గు వస్తుంది, గొంతులో పడింది బయటికొచ్చేస్తుంది. మత్తులో ఆ దగ్గు రాదు. కడుపులోది పైకి తన్నితే నేరుగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. పుల్లటి జీర్ణరసం అక్కడికి పోతే మనిషి నిమోనియాతో రోజుల తరబడి ఆక్సిజన్ మీద ఉండాల్సి రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు.

మామూలు లెక్క ఇది. ఇడ్లీ, బ్రెడ్డు లాంటి తేలిక తిండికి ఆపరేషన్‌కు ముందు 6 గంటలు. మాంసం, బిర్యానీ, నూనె వంటకాలకు 8 గంటలు. పాలు కలిసిన టీ, కాఫీ, మజ్జిగ అన్నీ 6 గంటల లెక్కలోకే వస్తాయి. తల్లిపాలు తాగే బిడ్డకు 4 గంటలు. ఒట్టి నీళ్లు 2 గంటల ముందు దాకా తాగొచ్చని చాలామంది మత్తు డాక్టర్లు ఒప్పుకుంటారు, కానీ మీ మత్తు డాక్టరును అడిగాకే. షుగరు ఎక్కువ కాలంగా ఉన్నవాళ్లకు, నెలలు నిండిన గర్భిణులకు ఈ లెక్కలు మారతాయి. ఇంకోమాట. పసిపిల్లలను అవసరానికి మించి ఎండగట్టడమూ తప్పే. పొద్దున పదకొండుకు ఆపరేషనైతే రాత్రి ఎనిమిది నుంచే పాలు మానిపించిన తల్లులను చూశాను. టైము అడిగి రాసుకుంటే ఆ బాధ ఉండదు.

మాత్రల సంగతి. ఇంట్లో వాడే మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకుని రండి, అట్టలతో సహా. "ఎర్రగా చిన్నగా ఉంటాది" అంటే మాకు తెలియదు. బీపీ మాత్ర, థైరాయిడ్ మాత్ర చాలావరకు ఆపరేషన్ రోజు కూడా గుక్కెడు నీళ్లతో వేయిస్తారు. ఏది వేయాలో డాక్టరు చెప్తారు. షుగరు మాత్రలు ఆ పొద్దున మామూలుగా ఆపుతారు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటివైతే 3 రోజుల ముందే ఆపాలి, కాబట్టి ముందుగా చూసుకునేటప్పుడే డాక్టరుకు చూపించండి. ఇన్సులిన్ ఎంత తగ్గించాలో మీరు లెక్కేయొద్దు. రక్తం పలుచన చేసే మాత్రలు, అంటే ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి, వాడుతున్నామని చెప్పకపోతే టేబుల్ మీద రక్తం ఆగదు. అట్లాగని స్టెంట్ వేయించుకున్న మనిషి పక్కింటాయన మాట విని వాటిని ఆపేస్తే గుండెకు ప్రమాదం. ఆపాలో వద్దో, ఆపితే ఎన్ని రోజులో, గుండె డాక్టరూ సర్జనూ మాట్లాడుకుని చెప్పాలి. పసరు మందు, నాటు మందు తాగుంటే సిగ్గుపడకుండా అది కూడా చెప్పండి. ఏదైనా సూదికి గతంలో దద్దుర్లు వచ్చాయా, ఇంట్లో ఎవరికైనా మత్తు పడలేదా, ఇవన్నీ నోటుబుక్కు మొదటి పేజీలో రాయండి.

బీడీ తాగేవాళ్లు నాలుగు వారాల ముందు మానితే ఊపిరితిత్తులు బాగుంటాయి, పుండు త్వరగా మానుతుంది. ఈ మాట నేను చెప్తే మగవాళ్లు నవ్వేవాళ్లు. ఆపరేషన్ అయ్యాక దగ్గు వచ్చి, దగ్గినప్పుడల్లా కుట్లు లాగుతుంటే నవ్వడం ఆగిపోయేది.

ముందురోజు రాత్రో ఆ పొద్దునో సబ్బుతో తలస్నానం చేయించండి. ఆపరేషన్ చేసే చోట వెంట్రుకలు మాత్రం మీరు తీయొద్దు. ఊళ్లో మంగలిని పిలిపించి బ్లేడుతో నున్నగా గీయించుకుని వస్తారు. ఆ బ్లేడు గాట్లలో రాత్రికి రాత్రి సూక్ష్మక్రిములు చేరతాయి. అవసరమైతే ఇక్కడే క్లిప్పర్‌తో కత్తిరిస్తాం.

గోళ్ల రంగు, గోరింటాకు గురించి. ఆక్సిజన్ చూడటానికి వేలికి ఒక క్లిప్పు పెడతారు. అది గోరు గుండా వెలుతురు పంపి లెక్క చెప్తుంది, రంగుంటే తప్పు చూపించొచ్చు. నెయిల్ పాలిష్ తీసేయొచ్చు. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు ఏం చేసినా పోదు. అప్పుడు వేరే వేలికో చెవికో పెడతాం, గాబరా పడకండి.

కట్టుడు పళ్లు తీసి నీళ్లు పోసిన డబ్బాలో పెట్టండి, కాగితంలో చుట్టొద్దు. కాగితంలో చుట్టిన పళ్లసెట్టును ఊడ్చే ఆయమ్మ చెత్తనుకుని పారేయడం రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ గొడవ నా నెత్తి మీదికే వచ్చింది. నగలు, మెట్టెలు, మొలతాడు తీసేయాలి. థియేటర్లో కరెంటుతో రక్తనాళాలు మూసే పరికరం వాడతారు, లోహం ఉంటే చర్మం కాలే ప్రమాదముంది. తాళి తీయమంటే మాత్రం ఏడుపులు. నేను ఎప్పుడూ వాదించలేదు. "మీ అత్తమ్మ చేతిలో పెట్టు, నువ్వు బయటికొచ్చే దాకా ఆమె పట్టుకుని కూర్చుంటుంది" అనేదాన్ని. తాయెత్తు కూడా అంతే, దాన్ని తెంపక్కర్లేదు, తీసి కొడుకు జేబులో పెట్టిస్తే చాలు.

ఇక, పేరేమిటి, ఏ ఆపరేషను, ఏ పక్క అని వార్డులో ఒకసారి, థియేటర్ గుమ్మంలో ఒకసారి, లోపల ఒకసారి అడుగుతారు. "వీళ్లకే తెలియదా?" అని విసుక్కుంటారు. తెలుసు. కుడికాలికి బదులు ఎడమకాలు కోయకుండా ఉండటానికి అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన చెక్‌లిస్టులో ఉన్న పద్ధతి అది. విసుక్కోకుండా ప్రతిసారీ పూర్తిగా చెప్పండి. సంతకం పెట్టే కాగితం కూడా అంతే. చదివి వినిపించమని అడగండి. అడిగితే డాక్టరుకు కోపమొస్తుందని మీరనుకుంటారు గానీ, అడగని వాళ్ల దగ్గరే తర్వాత పేచీలు ఎక్కువ.

ఊపిరి కసరత్తు ముందురోజే నేర్పించుకోండి. మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఇస్తారు. పదిమందిలో తొమ్మిదిమంది దాన్ని బూర ఊదినట్టు ఊదుతారు. ఊదడం కాదు, పీల్చాలి. "బీడీ పీల్చినట్టు పీల్చు మామా" అంటే ఒక్కసారికే పట్టుకునేవాళ్లు. బంతులు లేచాక రెండు మూడు సెకన్లు నిలపాలి. మెలకువగా ఉన్నప్పుడు గంటకు పదిసార్లు. పరికరం లేకపోతే ఊరికే ముక్కుతో లోతుగా పీల్చి, పట్టి, నెమ్మదిగా వదలండి.

బయటికి తెచ్చాక మొదటి రాత్రి

మంచం మీదికి మార్చగానే చుట్టాలంతా చుట్టూ చేరి పేరు పెట్టి పిలుస్తారు, చెంపలు తడతారు. వద్దు. మత్తు దిగేదాకా మనిషి పడుకుని ఉంటాడు. వాంతి వచ్చేట్టుంటే తల ఒక పక్కకు తిప్పండి, అంతే. పెదాలు ఎండితే తడి గుడ్డతో తుడవండి. చెంచాడు నీళ్లు పోయాలన్న జాలి వద్దు, సిస్టర్ చెప్పేదాకా ఆగండి. వణుకు రావడం మామూలే, దుప్పటి కప్పండి. వేడినీళ్ల సీసా కాళ్ల దగ్గర పెట్టొద్దు. నడుముకు మత్తిచ్చినప్పుడు కాళ్లకు స్పర్శ ఉండదు, కాలినా తెలియదు.

మొదటి గంటలో పావుగంటకోసారి వచ్చి నాడి, బీపీ, ఊపిరి, ఆక్సిజన్ చూస్తాం. తర్వాత అరగంటకు, ఆ తర్వాత గంటకు. "కాసేపు పండనీ తల్లీ" అంటారు. ఎందుకు పండనివ్వమో చెప్తాను. లోపల ఎక్కడైనా రక్తం కారుతుంటే పైకి ఏమీ కనబడదు. కట్టు పొడిగానే ఉంటుంది. మొదట నాడి వేగం పెరుగుతుంది. బీపీ పడిపోవడం ఆ తర్వాతి సంగతి, అప్పటికే ఆలస్యమైనట్టు. నాడి 80 ఉన్నది 100 దాటి పెరుగుతూ పోతే, చేతులు చల్లబడితే, నుదుట చెమట పడితే, మనిషి ఊరికే అటూ ఇటూ పొర్లుతుంటే "నొప్పికేమో" అనుకోవద్దు. పరుగెత్తుకొచ్చి పిలవండి. ఒకసారి ఒక కోడలుపిల్ల, "మా మామ చెయ్యి మట్టికుండ లెక్క చల్లగుంది సిస్టర్" అని వచ్చింది. ఆమె పదో తరగతి కూడా దాటలేదు. ఆ మాటతోనే ఆయన్ను అరగంటలో మళ్లీ థియేటర్‌కు తీసుకుపోయాం, బతికాడు.

కట్టుకు రక్తం అంటితే పెన్నుతో ఆ మరక చుట్టూ గీత గీసి టైము వేస్తాం. గీత దాటి మరక పెరిగిందా అని మీరూ చూడండి. కట్టు విప్పి చూడొద్దు. కోసిన చోట నుంచి నీరు బయటికి పోవడానికి పైపు పెట్టుంటే, దాంట్లో వచ్చే నీరు మొదట ఎర్రగా, తర్వాత గులాబి రంగులో, పోనుపోను పసుపుగా మారుతుంది. పసుపుది మళ్లీ ఎర్రబడినా, ఉన్నట్టుండి ఆగిపోయినా, ఆకుపచ్చగా వచ్చినా చెప్పాలి.

మూత్రం గురించి ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడతాను. పెద్దవాళ్లకు గంటకు కిలో బరువుకు అర మిల్లీలీటరు రావాలి. అరవై కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లు. అంతకంటే తగ్గితే ఒంట్లో నీళ్లు చాలడం లేదనో, రక్తం పోతోందనో, కిడ్నీకి కష్టమవుతోందనో అర్థం. బ్యాగు ఉన్నవాళ్లకు చూడటం తేలిక. ఆ బ్యాగును మంచం మీద పెట్టొద్దు, నేల మీదా పెట్టొద్దు, నడుము కంటే కిందికి వేలాడదీయండి. బ్యాగు లేనివాళ్లు, ముఖ్యంగా నడుముకు మత్తిచ్చిన మగవాళ్లు, ఆరు గంటలైనా పోయకపోతే మాకు చెప్పాలి. పొత్తికడుపు బిగిసి రాయిలా ఉంటుంది, అయినా సిగ్గుతో పేషెంటు చెప్పడు. డాక్టరు లేవొచ్చంటే లేపి నిలబెట్టండి, కొళాయి తిప్పి నీళ్ల చప్పుడు వినిపించండి, గదిలో నుంచి ఆడవాళ్లు బయటికి రండి. సగం మందికి దానితోనే వచ్చేస్తుంది.

నొప్పిని సున్నా నుంచి పది దాకా ఎంతని అడుగుతాం. మా సీమలో మగవాడు నొప్పి అని ఒప్పుకోడు, ఆడమనిషి చెప్తే ఎవరూ పట్టించుకోరు. నొప్పి అణచుకున్న మనిషి లోతుగా ఊపిరి తీయడు, దగ్గడు, కదలడు, దాంతో ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుంది. నాలుగైదు దాటితే సూది అడగండి. ఓర్చుకున్నందుకు ఎవరూ బహుమతి ఇవ్వరు. దగ్గాల్సి వస్తే పొట్టకు ఒక దిండు గట్టిగా అదిమిపట్టి దగ్గించండి, కుట్ల మీద లాగుడు తగ్గుతుంది.

చూడటానికి వచ్చేవాళ్లు ఆటో నిండా వస్తారు. ప్రేమే. ఇద్దరిని లోపలికి పంపండి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే. మంచం మీద కూర్చోనివ్వొద్దు.

లేపడం

ఆపరేషనైన మనిషిని కదిలిస్తే కుట్లు తెగుతాయన్నది మనవాళ్ల పెద్ద భయం. డాక్టరు అనుమతించిన వెంటనే, చాలావాటికి అదే సాయంత్రమో మర్నాడు పొద్దునో, లేపాలి. పడుకునే ఉంటే పిక్కల్లోని రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టొచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోతే మాట్లాడుతున్న మనిషే కుప్పకూలిపోవచ్చు. నడిస్తే గ్యాసు కూడా కదులుతుంది. లేపే పద్ధతి: ముందు పక్కకు తిప్పండి, మోకాళ్లు ముడిపించండి, కాళ్లు మంచం దిగువకు జారుస్తుండగా మోచేత్తో నెట్టుకుని లేవమనండి. పొట్ట మీద బలం పెట్టి నేరుగా లేవనివ్వొద్దు. లేచాక ఐదు నిమిషాలు కాళ్లు వేలాడేసి కూర్చోవాలి. కళ్లు తిరగకపోతే నిలబెట్టండి, పది అడుగులు చాలు. సెలైన్ స్టాండును ఇంకొకరు పట్టుకోవాలి. లేవలేని వాళ్లకు పడుకునే పాదాలు పైకీ కిందికీ ఆడించండి, రెండు గంటలకోసారి పక్క మార్చండి, నడుము కింద చర్మం ఎర్రబడిందేమో చూడండి.

ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పుడితే నూనె పెట్టి మర్దన చేయొద్దు. మనకు చేతులు ఊరుకోవు, తెలుసు. మర్దనతో గడ్డ కదలొచ్చు. నేరుగా సిస్టర్‌కు చూపించండి.

నడుముకు మత్తిచ్చిన ఐదు రోజుల్లోపు, కూర్చుంటే తల పగిలిపోతూ పడుకుంటే తగ్గితే, అది మత్తు సూది వల్ల వచ్చిన తలనొప్పి కావచ్చు. దానికి వైద్యముంది, ఊరికే మాత్రలు మింగుతూ ఉండొద్దు.

పప్పు తింటే చీము పట్టదు

దీని మీద జేజిలతో చేసిన యుద్ధాలు రాస్తే పుస్తకమవుతుంది. పప్పు వద్దు, గుడ్డు వద్దు, వంకాయ వద్దు, మజ్జిగ చలువ. పది రోజులు కారప్పొడి, నెయ్యి, అన్నం. చీము సూక్ష్మక్రిముల వల్ల పడుతుంది, కందిపప్పు వల్ల కాదు. కోసిన కండ మళ్లీ అతుక్కోవాలంటే మాంసకృత్తులు కావాలి. అవి పప్పులో, గుడ్డులో, పాలల్లో, మాంసంలో ఉన్నాయి. వాటినే ఆపేసి పుండు మానలేదని మళ్లీ మా దగ్గరికే వస్తారు.

డాక్టరు ఒప్పుకున్నాక మొదట గుక్క గుక్క నీళ్లు, తర్వాత పలుచని రాగి జావ, మజ్జిగ. వాంతి లేకపోతే ఇడ్లీ, మెత్తటి అన్నం పప్పు, ఉడికించిన గుడ్డు. పేగుల ఆపరేషనైతే ఈ వరుస డాక్టరే చెప్పాలి, సొంత నిర్ణయాలొద్దు. నాలుగైదు రోజులకు రాగి సంగటి, ఆకుకూర పప్పు బ్రహ్మాండంగా పెట్టొచ్చు. ఉగ్గాని కావాలంటే పెట్టండి, పక్కన మిరపకాయ బజ్జీ మాత్రం ఇంకొన్ని వారాలాగనీ. నొప్పి మాత్రలకు మలబద్ధకం వస్తుంది, ముక్కితే కుట్ల మీద బరువు. నీళ్లు, అరటిపండు, కూరగాయలు ఇవ్వండి, మూడో రోజుకూ కాకపోతే మందు అడగండి. షుగరున్నవాళ్లకు పరామర్శకు తెచ్చిన పండ్లరసాలన్నీ పట్టించొద్దు. షుగరు పెరిగితే పుండు మానదు.

ఇంటికి

డిశ్చార్జి కాగితంలో ఏ మాత్ర ఎన్ని రోజులో సిస్టర్ చేత తెలుగులో చెప్పించుకుని నోటుబుక్కులో రాసుకోండి. యాంటీబయాటిక్ చెప్పినన్ని రోజులూ వేయాలి, బాగుందని మూడో రోజే ఆపొద్దు. మామూలు కుట్లయితే రెండు రోజుల తర్వాత ఒళ్లు కడుక్కోవడానికి ఒప్పుకుంటారు, కానీ పుండును నానబెట్టొద్దు, రుద్దొద్దు, అద్ది ఆరబెట్టండి. మే నెలలో కర్నూలు ఎండకు చెమటతోనే కట్టు తడిసిపోతుంది. వదులుగా నూలు బట్టలు వేయండి, కట్టు తడిస్తే మార్పించండి. పసుపు, కొబ్బరినూనె, విభూతి, పౌడరు ఏదీ పుండు మీద వద్దు.

బరువుల సంగతి ఆడవాళ్లకు గట్టిగా చెప్తాను. పొట్ట మీద ఆపరేషనైతే మామూలుగా ఆరు వారాలు బరువులెత్తొద్దంటారు. "నేనేం మూటలు మోస్తానా సిస్టర్" అంటారు. బిందెడు నీళ్లు పదిహేను కిలోలు. ఫిల్టర్ నీళ్ల క్యాను ఇరవై కిలోలు. అవి ఎవరు మోస్తారో ఆసుపత్రిలోనే తేల్చుకుని ఇంటికి పోండి, మగవాళ్ల ముందే.

జ్వరం మొదటి ఒకటి రెండు రోజులు కాస్త ఉంటే అంత భయం లేదు. నాలుగైదు రోజుల తర్వాత 100.4 దాటితే, కుట్ల చుట్టూ ఎరుపు పాకుతుంటే, వాసన గానీ చీము గానీ వస్తే, పొట్ట ఉబ్బి గ్యాసు పోకుండా వాంతులవుతుంటే అదే రోజు చూపించాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, ఆగని రక్తం అయితే బస్సు కోసం చూడొద్దు, 108కి ఫోన్ చేయండి.

కుట్లు ముఖం మీదివి ఐదు రోజులకు, పొట్టవి ఏడు నుంచి పది రోజులకు, కాళ్లూ చేతులవి పది నుంచి పద్నాలుగు రోజులకు తీస్తారు. ఆ రోజు ఫైలు, నోటుబుక్కు రెండూ తెచ్చుకోండి. కుట్లు తీయించుకోవడానికి కూడా ఖాళీ కడుపుతో రావాలా అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. అక్కర్లేదు. ఆ రోజు బిస్కెట్టు ముంచుకుని టీ తాగే రండి.